చుక్కలోని చ, జున్నులోని జ: కెనడాలో ఏ ఫ్రెంచ్ నేర్చుకోవాలి?

ప్రశ్న:

అక్కా, మాది నిజామాబాద్ దగ్గర. చదువుకోవడానికి కెనడా వచ్చి ఇప్పుడు బ్రాంప్టన్‌లో ఒక గోదాం అకౌంట్స్‌లో పని చేస్తున్నాను. వర్క్ పర్మిట్ ఇంకా 13 నెలలే ఉంది. పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) పాయింట్లు చాలక ఫ్రెంచ్ మొదలుపెట్టాను. హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ ఆన్‌లైన్‌లో చెప్తారు. ఎ2 స్థాయి అయిపోయింది. మా ఆఫీసులో ఒంటారియోలోని సడ్బరీ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. మొన్న వాళ్ళ అమ్మతో ఫోన్లో ఫ్రెంచ్ మాట్లాడుతుంటే చెవి పెట్టి విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ రాత్రి ఏడుపొచ్చింది. మేడమ్‌ని అడిగితే "అది పాడైన ఫ్రెంచ్, దాని జోలికి పోకు, పరీక్షలో మార్కులు పోతాయి" అన్నారు. మా ఆయనేమో "ఉండేది కెనడాలో, ప్యారిస్ ఫ్రెంచ్ ఎందుకు? క్వెబెక్‌ది నేర్చుకో, పీఆర్ వచ్చినంక మాంట్రియల్ పోదాం" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? 13 నెలల్లో అవుతదా?

జవాబు:

చెల్లీ, 'అక్కా' అని పిలిచావు కనుక నువ్వనే రాస్తాను.

మేడమ్ చెప్పే పాఠాలు మానకు. పరీక్షకు కావాల్సింది ఆ ఫ్రెంచే. కానీ 'పాడైన ఫ్రెంచ్' అన్న ఆ ఒక్క మాట మాత్రం మనసులోంచి తీసెయ్. నేను మాంట్రియల్‌లో 9 ఏళ్ళు ఉన్నాను. ఇప్పుడు న్యూ బ్రన్స్‌విక్‌లోని మాంక్టన్‌లో, పసిపిల్లల్ని చూసుకునే గార్డెరీలో పని చేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చెవిన పడేది ఇక్కడి ఫ్రెంచే. అందులో పాడైందేమీ నాకింతవరకు కనపడలేదు. మీ ఆయన మాటలో సగం నిజముంది. మాంట్రియల్ సంగతి మాత్రం జాగ్రత్తగా ఆలోచించాల్సింది, దాని గురించి కింద విడిగా రాస్తాను.

ముందు ఆ ఫోన్ సంగతి. నీకు అర్థం కాకపోవడానికి రెండు కారణాలున్నాయి. అందరూ ఆ రెంటినీ కలిపేసి 'క్వెబెక్ యాస' అని ఒకే పేరు పెడతారు. మొదటి కారణానికి క్వెబెక్‌తో గానీ సడ్బరీతో గానీ ఏ సంబంధమూ లేదు. గిడుగు రామమూర్తి గారి గొడవ గుర్తుందిగా? పుస్తకాల్లో గ్రాంథికం, నోట్లో వ్యావహారికం. ఫ్రెంచ్‌లో ఆ దూరం ఇప్పటికీ చాలా ఉంది. 'నాకు తెలీదు' అనడానికి నీ పుస్తకంలో 'జ న సే పా' అని ఉంటుంది. ప్యారిస్ మెట్రోలోనైనా, మాంట్రియల్ మెట్రోలోనైనా మనుషులు అనేది 'షే పా'. 'లేదు' అనే 'ఇల్ న్యా పా' కాస్తా 'యా పా' అయిపోతుంది. 'మేం వెళ్తున్నాం' అనడానికి 'నూ జలోఁ' అని నేర్చుకుని ఉంటావు. ఆ 'నూ' మామూలు మాటల్లో దాదాపు వినపడదు, 'ఓఁ వా' అంటారు. 'నేను వెళ్ళుచున్నాను' అని పుస్తకంలో నేర్చుకున్నవాణ్ణి తీసుకెళ్ళి నిజామాబాద్ బస్టాండ్‌లో నిలబెట్టి 'వోతున్న' అన్నమాట వినిపిస్తే ఏమవుతుంది? నీకు జరిగిందదే. ఆ అమ్మా కొడుకుల మాటల్లో సగం ప్యారిస్‌లో విన్నా నీకు అందేవి కావు.

రెండో కారణం ప్రాంతం. ఇక్కడ నీకు ఒక మంచి సంగతి చెప్పాలి. క్వెబెక్‌లోనూ, ఒంటారియోలో ఎక్కువచోట్లా, 'త', 'ద' అక్షరాల తర్వాత 'ఇ' గానీ, పెదాలు సున్నాలా చుట్టి పలికే ఆ ఫ్రెంచ్ 'ఉ' గానీ వస్తే, త కాస్తా 'త్స' అవుతుంది, ద 'ద్జ' అవుతుంది. 'నువ్వు' అనే 'తు' వాళ్ళ నోట 'త్సు'. మంగళవారం 'మార్దీ' వాళ్ళకు 'మార్ద్జీ'. దీనికి తెలుగువాళ్ళు భయపడాల్సిన పనే లేదు. ఒకసారి పైకి అని చూడు: చుక్క, చిలక. రెండు 'చ'లూ ఒకటి కావు. చుక్కలో నాలుక పళ్ళ వెనక తగులుతుంది, చిలకలో ఇంకా లోపలికి పోతుంది. అలాగే జున్ను, జీతం. పాత పెద్దబాలశిక్షల్లో ఈ పళ్ళ చ, పళ్ళ జ కోసం ౘ, ౙ అని విడిగా గుర్తులే ఉండేవి. వాళ్ళ 'త్సు'లోని హల్లు మన చుక్కలోని ౘ, అచ్చుకు మాత్రం నాలుకను 'ఈ' అన్నట్టే ఉంచి పెదాలు సున్నాలా చుట్టాలి. 'ద్జీ' మన జున్నులోని ౙకు ఇకారం తగిలిస్తే వస్తుంది. అలా తగిలించే అలవాటు మనకు లేదు గానీ నాలుకకు ఆ చోటు తెలుసు. నాతోపాటు క్లాసులో కూర్చున్న చాలా దేశాలవాళ్ళు ఈ శబ్దం దగ్గర నెలలు తంటాలు పడ్డారు.

ముక్కుతో పలికే అచ్చుల దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. ప్యారిస్‌లో వైన్ అనే మాట దాదాపు 'వ్యాఁ' అని వినిపిస్తుంది, గాలి అనే మాట 'వాఁ' అని, కొంచెం ఓకారం వైపు ఒరిగి. క్వెబెక్‌లో వైన్ 'వేఁ' వైపు జరుగుతుంది, గాలి వచ్చి 'వ్యాఁ'కు దగ్గరగా కూర్చుంటుంది. అంటే వీళ్ళ గాలి ప్యారిస్‌కు అలవాటుపడ్డ చెవికి వైన్‌లా తోస్తుంది. వాతావరణ వార్తల్లో ఇది నన్ను చాలాసార్లు తికమకపెట్టింది. దీనికి నేను చేసిన పని ఒకటే. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకున్నాను. ముక్కు శబ్దానికి అరసున్న, పళ్ళ చ, జలకు ౘ, ౙ. ఫ్రెంచ్ స్పెల్లింగు చెవిని మోసం చేస్తుంది. మన లిపిలో మాత్రం ఏం వినిపించిందో అదే కాగితం మీద ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోకు, నేను మొదట్లో అలా రాసినవి వారం తర్వాత నాకే చదవడం రాలేదు.

ఇంకొకటి మా గార్డెరీలో, మాంట్రియల్ నుంచి వచ్చిన పిల్లల దగ్గర నేర్చుకున్నాను. నాలుగేళ్ళ పాప పళ్ళెం చూపించి 'సె ౘు ఫినీ?' అంది. 'అయిపోయిందా?' అని. ఇందులో 'ౘు'కు 'నువ్వు' అని అర్థం లేదు. అది ప్రశ్న గుర్తు. మనం 'వస్తావు'కు దీర్ఘం తగిలించి 'వస్తావా' అన్నట్టే, వాళ్ళు క్రియ తర్వాత 'ౘు' తగిలించి అడుగుతారు. 'ౘు వ ౘు?' అంటే 'కావాలా?' మొదటిది నువ్వు, రెండోది మన 'ఆ'. ఇది తెలిశాక సడ్బరీ ఆయన ఫోన్ మాటల్లో కనీసం ప్రశ్నలెక్కడున్నాయో నీకు పట్టుబడుతుంది.

మాటలు వేరు కావడం వల్ల వచ్చే కష్టం అప్పుడప్పుడూ మనసుకే తగులుతుంది. మాంట్రియల్‌లో నా మొదటి శీతాకాలం, పైన పోర్షన్‌లో ఒక పెద్దావిడ ఉండేది. ఆ ఏడే భర్త పోయాడు. "ఆదివారం దీనేకి రా" అని పిలిచింది. నా పుస్తకంలో 'దీనే' అంటే రాత్రి భోజనం. మధ్యాహ్నమంతా పులిహోర చేసుకుని, ఏడు గంటలకు డబ్బా పట్టుకుని పైకెళ్ళాను. తలుపు తీసేసరికి ఆవిడ నైటీలో ఉంది. బల్ల మీద రెండు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి, సూపు గిన్నె చల్లారిపోయింది. పన్నెండింటి నుంచి నాకోసం చూసి, నాకేదో అయిందని కంగారుపడి, ఫోన్ నంబరు లేక ఊరుకుంది. క్వెబెక్‌లో దెజనే అంటే పొద్దుటి ఫలహారం, దీనే మధ్యాహ్న భోజనం, సూపే రాత్రి భోజనం. ఫ్రాన్స్‌లో అవే ప్తీ దెజనే, దెజనే, దీనే. ఆవిడ సూపు వేడిచేసి పెట్టింది, ఇద్దరం తిన్నాం. అయినా ఆ బోర్లించిన పళ్ళేలు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉన్నాయి.

ఇందులో తప్పెవరిదని తర్వాత వెతికితే తెలిసిందేమిటంటే, ఫ్రాన్స్‌లో కూడా ఒకప్పుడు ఆ మూడు పేర్లూ ఆ మూడు పూటలకే ఉండేవి. ప్యారిస్ పెద్దింటివాళ్ళు భోజనం వేళలు వెనక్కి జరుపుకుంటూ పోయారు, పేర్లూ వాటితో జరిగాయి. క్వెబెక్, బెల్జియం, స్విట్జర్లాండ్ జరగలేదు. అలాగే 'నేను' అనే 'మ్వా'ని క్వెబెక్ ముసలివాళ్ళు 'మ్వే' అంటారు. 17వ శతాబ్దంలో ప్యారిస్ గొప్పవాళ్ళూ అలాగే అనేవారు. 1608లో క్వెబెక్ పట్నం కట్టినవాళ్ళూ, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ తమతో తెచ్చుకున్న పలుకుబడి అది. 1763 ప్యారిస్ ఒప్పందంతో కెనడా ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, ఫ్రాన్స్‌తో రాకపోకలు దాదాపు తెగిపోయాయి. అక్కడ మారినవి ఇక్కడికి రాలేదు, ఇక్కడ పుట్టినవి అక్కడికి పోలేదు. అదే ఒప్పందంలో పుదుచ్చేరి, మా ఊరికి దగ్గర్లోని యానాం తిరిగి ఫ్రెంచ్‌వాళ్ళకు దక్కాయి. మా చిన్నప్పుడు యానాం అంటే సముద్రపు గాలి, అమ్మమ్మ వాళ్ళ చుట్టాలు, అంతే. ఆ కాగితం మీదే నేనిప్పుడుంటున్న దేశం చేతులు మారిందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

నేనుండే మాంక్టన్‌లో ఫ్రెంచ్ మళ్ళీ వేరు. ఇది అకేడియన్లది, అంటే పాత రోజుల్లో ఈ వైపు స్థిరపడ్డ ఫ్రెంచ్‌వాళ్ళది. 1755 నుంచి ఇంగ్లీషువాళ్ళు వాళ్ళను ఇళ్ళలోంచి లాగి ఓడలెక్కించి చెదరగొట్టారు. తిరిగొచ్చినవాళ్ళ వారసులు ఇక్కడున్నారు. వాళ్ళ పెద్దల పాత మాటల్లో 'త్సు' వినపడదు, 'తు' అనే అంటారు. 'నేను'కు 'మేము' క్రియ పెట్టి 'జ పార్లోఁ' అనే పాత పద్ధతి ఊళ్ళలో ఇంకా ఉంది. కుర్రవాళ్ళు మాట్లాడేదాన్ని షియాక్ అంటారు. ఇంగ్లీషు క్రియకు ఫ్రెంచ్ తోక తగిలించి 'పార్కే', 'వాచే' అంటారు. మనం 'కారు పార్క్ చేసి వస్తా' అనమా?

సడ్బరీ ఆయన ఇల్లు ఉన్న ఒంటారియోలో 1912లో 17వ నియమం అని తెచ్చి, బడుల్లో మొదటి రెండేళ్ళ తర్వాత ఫ్రెంచ్‌లో చెప్పకూడదన్నారు. ఒట్టావాలో గిగ్ బడి దగ్గర తల్లులు టోపీలకు గుచ్చుకునే పొడుగాటి సూదులు పట్టుకుని కాపలా కాసి, టీచర్లను లోపలికి పంపించారు. ఆయన వాళ్ళమ్మతో ఫోన్లో ఆ భాష మాట్లాడగలుగుతున్నాడంటే వెనక ఇంత కథ ఉంది. నీది నిజామాబాద్. సినిమాల్లో నీ యాసను ఎన్నేళ్ళు రౌడీలకూ, నవ్వించే వేషాలకూ పెట్టారో నేను నీకు చెప్పక్కర్లేదు. కోస్తాదాన్ని, నేను కూడా చిన్నప్పుడు ఆ సీన్లకు నవ్వాను. దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అందుకే ఒకరి అమ్మభాషను 'పాడైంది' అంటే నేను ఊరుకోలేను.

ఇక పరీక్ష. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి, అంటే నీ పాయింట్లు లెక్కేసే పీఆర్ దారికి, టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా, ఈ రెండు ఫ్రెంచ్ పరీక్షలే చెల్లుతాయి. డెల్ఫ్ అనే ఇంకో పరీక్ష చెల్లదు. టెఫ్ ప్యారిస్ వాణిజ్య మండలి పెట్టేది, టీసీఎఫ్ ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థది. రెండూ ఫ్రాన్స్‌లో తయారయ్యేవే కాబట్టి మేడమ్ నేర్పే ఫ్రెంచ్‌తోనే వెళ్ళు. కానీ క్వెబెక్ మాట వాడితే మార్కులు పోతాయన్నది అతి భయం. ఈమెయిల్‌కు క్వెబెక్‌లో పుట్టిన 'కుర్యెల్' అన్నమాటను 2003లో ఫ్రాన్స్ ప్రభుత్వమే తన కాగితాల్లోకి తీసుకుంది. మార్కులు పోయేది మర్యాద తప్పితే. టెఫ్ మాట్లాడే పరీక్షలో మొదటి భాగం తెలియనివాళ్ళకు ఫోన్ చేసి వివరాలు అడగడం, అక్కడ 'వూ', అంటే మీరు. రెండోది స్నేహితుణ్ణి ఒప్పించడం, అక్కడ 'తు', నువ్వు. క్వెబెక్‌లో జనం చాలా త్వరగా నువ్వులోకి దిగిపోతారు. ఆ అలవాటు పరీక్ష గదిలోకి తీసుకెళ్ళి మొదటి భాగంలో 'తు' అంటే నష్టం. కారును 'షార్' అనడం, 'అస్సలు లేదు' అనడానికి 'పాఁతూత్' అనడం ఇంట్లో బాగుంటాయి, ఉత్తరంలో రాయకు.

నీకు కావాల్సింది వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఈ నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కు కెనడా పెట్టుకున్న స్థాయిల కొలత) 7. మూడింట్లో 9 వచ్చి ఒకదాంట్లో 6 వచ్చినా ఫ్రెంచ్ కేటగిరీలోకి రావు. టీసీఎఫ్‌లో అది వినడంలో 458, చదవడంలో 453, రాయడం, మాట్లాడడం రెండింట్లో 20కి 10. దాంతో ఇంగ్లీషు కూడా బాగుంటే అదనంగా 50 పాయింట్లొస్తాయి. అసలు లాభం ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకు పెట్టే విడి డ్రాలు, అంటే ఇన్ని పాయింట్లు దాటినవాళ్ళు పీఆర్‌కు అప్లై చేయండని పిలిచే విడతలు. 2025 మార్చి 21న ఫ్రెంచ్ డ్రా 379 దగ్గర ఆగింది, ఆ ఏడు కెనడా అనుభవం ఉన్నవాళ్ళ డ్రాలు 500 దాటే ఉన్నాయి. ఈ లెక్కలు మారుతుంటాయి, అప్లై చేసే ముందు ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) పేజీలో చూసుకో, ఏజెంటు మాట మీద ఉండకు.

13 నెలల్లో అవుతుందా అంటే, అవుతుంది, కానీ ఖాళీ లేదు. ఎన్‌సీఎల్‌సీ 7కు దగ్గరి స్థాయి బీ2. మొదటి నుంచి దానికి సాధారణంగా చెప్పే లెక్క 500 నుంచి 650 గంటలు. ఎ2 అయింది కాబట్టి నీకు ఇంకో 400 ఉన్నాయనుకో. వారానికి 10 గంటలు చొప్పున 40 వారాలు. పదో నెలలో మొదటిసారి రాయి. తప్పితే ఇంకోసారి రాయడానికి చోటు మిగులుతుంది. టొరంటో చుట్టుపక్కల పరీక్ష సీట్లు త్వరగా నిండిపోతాయి, తేదీ ముందే బుక్ చేసుకో. ఫలితాలు రెండేళ్ళు చెల్లుతాయి.

ఆ 10 గంటల్లో 7 మేడమ్ పాఠాలకూ పరీక్ష పేపర్లకూ ఇవ్వు, 3 చెవికి ఇవ్వు. మొదటి మూడు నెలలు ఫ్రాన్స్ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ళ తేలిక ఫ్రెంచ్ వార్తలు విను. తర్వాత రేడియో-కెనడాకు మారు. వాళ్ళదే మోరిల్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది, క్వెబెక్, అకేడియా, ఒంటారియో గొంతులన్నీ అందులో ఉంటాయి. రోజూ వాతావరణ వార్త ఒకటి, అర నిమిషం ముక్క పట్టుకో. ఒకసారి ఊరికే విను. రెండోసారి తెలుగులో రాయి. మూడోసారి ఫ్రెంచ్ స్పెల్లింగు. రోజూ అవే మాటలు తిరిగి వస్తాయి కనుక రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది. 'పూద్రెరీ' అన్నమాట వినపడుతుంది. ఫ్రాన్స్‌లో దాని అర్థం తుపాకిమందు కర్మాగారం. ఇక్కడ, నేల మీది పొడిమంచును గాలి లేపి కొట్టడం. జనవరిలో హైవే మీద ఒకసారి అందులో చిక్కుకుంటే ఆ మాట ఇక మరవవు.

మీ ఆయనకు ఇది చదివి వినిపించు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ క్వెబెక్‌కు వర్తించదు. ఆ దారిలో పీఆర్ అడిగేవాళ్ళు క్వెబెక్ బయట స్థిరపడాలన్న ఉద్దేశంతోనే అడగాలి. మాంట్రియల్‌లో ఉండాలన్నది నిజంగా మీ కోరికైతే క్వెబెక్‌కు తన ఎంపిక పద్ధతి వేరే ఉంది, దాన్ని మొదటి నుంచి విడిగా చూసుకోవాలి. 'ముందు పీఆర్ రానీ, తర్వాత చూద్దాం' అని ఒక కాగితం మీద ఒకటి చెప్పి మనసులో ఇంకోటి పెట్టుకోవడం నేను ఒప్పుకోను, అది మీకు ముప్పు కూడా. మరో దారి చూడండి. 2025 జనవరిలో మొదలైన ఫ్రాంకోఫోన్ (ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళ) ఊళ్ళ పైలట్ అనే పీఆర్ పథకంలో సడ్బరీ, టిమ్మిన్స్, ఇక్కడి అకేడియన్ పెనిన్సులా ఉన్నాయి. ఆ ఊరు గుర్తించిన యజమాని ఉద్యోగం ఇస్తే ఎన్‌సీఎల్‌సీ 5 చాలు. అకౌంట్స్ పని తెలిసినదానివి, ప్రయత్నించు.

సడ్బరీ ఆయనతో కూడా మాట్లాడు. నువ్వు తడబడగానే మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతాడు, ఇక్కడ అందరూ అంతే. అప్పుడు 'ఆఁ ఫ్రాఁసే, సిల్ తె ప్లే, జాప్రాఁ' అను. ఫ్రెంచ్‌లోనే, దయచేసి, నేర్చుకుంటున్నాను అని. వచ్చే సోమవారం పొద్దున కాఫీ దగ్గర ఇలా అడుగు: 'తా ఫేఁ ద్ స్మెన్, సెతే ౘు ల్ ఫన్?' వారాంతం బాగా గడిచిందా అని. ఆయన ఏమన్నాడో, అర్థమైనా కాకపోయినా, చెవికి ఎలా వినిపించిందో అలాగే, అరసున్నలతో సహా తెలుగులో రాసి నాకు పంపు. ఇద్దరం కలిసి విప్పుదాం.